మీరే చెయ్యండి!

2017 ఫిబ్రవరి. జపాన్‌లో చలి ఇంకా వదల్లేదు. టోక్యోకి నైరుతి దిక్కున, సముద్రం ఒడ్డున ఫుజిసావా అనే పట్టణం. అందులో ఒక ఇల్లు. ఇంట్లో ఒక్కతే మనిషి. పేరు మసాకో వకామియా. వయసు 81. ఎదురుగా కంప్యూటరు. తెర నిండా ఇంగ్లిషు మాటలు, బ్రాకెట్లు, చుక్కలు. వాటి మధ్య ఎర్రటి గుర్తు ఒకటి. ఎక్కడో తప్పుంది. ఎక్కడ?

కళ్లజోడు సర్దుకుని మొదటి నుంచి మళ్లీ చదవాలి. ఒక్కో వరసా వేలితో తడుముకుంటూ కిందికి దిగాలి. చిన్న అక్షరం ఉండాల్సిన చోట పెద్ద అక్షరం పడితే కంప్యూటరు భాష ఒప్పుకోదు. తెరిచిన బ్రాకెట్టు మూయడం మరిచిపోతే అసలే ఒప్పుకోదు. మనుషులైతే పోనీలే అని సర్దుకుంటారు. కంప్యూటరు సర్దుకోదు. పైగా గడువు ముంచుకొస్తోంది.

మార్చి 3న హినమత్సురి. ఆడపిల్లల పేరున జరిగే బొమ్మల పండగ. ఆ రోజు దాటితే జపాన్ ఇళ్లలో బొమ్మలన్నీ గబగబా పెట్టెల్లోకి వెళ్లిపోతాయి. తీయడం ఆలస్యమైతే ఇంట్లో పిల్లకి పెళ్లి ఆలస్యమవుతుందని వాళ్ల నమ్మకం. ఆవిడ కంప్యూటర్లో తయారవుతున్నది ఆ బొమ్మల ఆటే. పండగ వెళ్లిపోయాక ఆ ఆట ముఖం చూసేదెవరు? మిగిలింది కొద్ది రోజులు. ఎర్ర గుర్తు మాత్రం కదలడం లేదు.

అసలు 81 ఏళ్ల మనిషిని ఈ గొడవలోకి దింపిందెవరు?

* * *

అప్పటికి స్మార్ట్‌ఫోను జపాన్‌లో చాలా ఇళ్లకి వచ్చేసింది. దానితో పాటే ఆటలూ వచ్చాయి. తెర మీద ఎవడో పరుగెడుతుంటాడు. వెనక ఏదో తరుముతుంటుంది. రెప్పపాటులో వేలితో తెరని పక్కకి జరపాలి. జరపకపోతే ఆట అయిపోయినట్టే. డెబ్బై దాటిన వేలు తెర మీద ఆనేలోపే ఆట ముగిసేది. పిల్లలు గెలిచేవాళ్లు. పెద్దలు ఫోను పక్కన పెట్టేసేవాళ్లు. అలా పక్కన పెట్టేసేవాళ్లు ఆ దేశంలో ఏ కొద్దిమందో కారు. 2017 నాటికి జపాన్ జనంలో నూటికి 27 మందికి పైగా 65 దాటినవాళ్లే. ఇంతమంది కోసం ఒక్క ఆట లేదా?

మసాకోకి ఇది మింగుడు పడలేదు. పెద్దవాళ్లు కుర్రాళ్ల పక్కన కూర్చుని ఆడాలి. ఆడి గెలవాలి. అలాంటి ఆట ఒక్కటి కావాలి.

ఈశాన్యాన మియాగి ప్రాంతంలో ఆవిడకో స్నేహితుడున్నాడు. వయసులో ఆవిడ కంటే చాలా చిన్న. యాప్‌లు తయారుచేసే సంస్థ నడుపుతాడు. ఆవిడ అతన్ని అడిగింది. పెద్దవాళ్లు సరదాగా ఆడుకునే ఆట ఒకటి చేసి పెట్టమంది. సరేనంటాడు, లేదంటే తీరిక లేదంటాడు. ఈ రెండిట్లో ఏదో ఒకటి వినడానికే ఎవరైనా సిద్ధపడతారు.

అతను రెండూ అనలేదు. పెద్దవాళ్లకి ఏది నచ్చుతుందో తనకి తెలియదన్నాడు. అది తెలిసింది ఆవిడకే కాబట్టి ఆట కూడా ఆవిడే చెయ్యాలన్నాడు. ఎలా చెయ్యాలో తను నేర్పుతానన్నాడు.

మీరే చెయ్యండి. ఎనభై దాటిన మనిషితో అనదగ్గ మాటేనా అది? వినగానే చాలామంది చిన్నబుచ్చుకుంటారు. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. ఎందుకంటే యంత్రాలతో ఆవిడకి పాత లెక్క ఒకటుంది.

* * *

మసాకో 1935 ఏప్రిల్‌లో టోక్యోలో పుట్టింది. బడికి వెళ్లే వయసుకి యుద్ధం వచ్చిపడింది. నగరం మీద బాంబులు పడతాయని పిల్లల్ని కొండ ప్రాంతాలకి తరలించారు. అక్కడ మసాకోకి దొరికింది ఆకలి. యుద్ధం ముగిసింది. హైస్కూలు చదువు అయింది. ఓ పెద్ద బ్యాంకులో ఉద్యోగం దొరికింది. అక్కడితో చదువు ఆగిపోయింది. కాలేజీ మెట్లు ఎక్కలేదు.

1950ల నాటి బ్యాంకు. ఎటు చూసినా కాగితాలే. లెక్కలకి సొరొబాన్ అనే పూసల చట్రం. రాయడానికి సిరాలో ముంచే కలం. నోట్ల కట్టలు చేత్తోనే లెక్కపెట్టాలి. తోటి అమ్మాయిల వేళ్ల కింద నోట్లు గలగలా దొర్లిపోయేవి. మసాకో వేళ్లకి ఆ చురుకు లేదు. అందరూ పని ముగించాక కూడా ఆవిడ ముందు కట్టలు మిగిలే ఉండేవి. పనిమంతురాలు కాదన్న మాట మీద పడింది. ఆ మాట జీవితాంతం మోయాల్సిందేనా?

లేదు. బ్యాంకులోకి యంత్రాలు దిగాయి. నోట్లు లెక్కపెట్టే యంత్రం వచ్చింది. కూడికలు చేసే యంత్రం వచ్చింది. యంత్రం ముందు చురుకైన వేళ్లూ ఒకటే, మొద్దు వేళ్లూ ఒకటే. వేళ్ల పోటీ ముగిసిపోయింది. ఇప్పుడు కావాల్సింది ఆలోచన. అది మసాకో దగ్గర దండిగా ఉంది. ఆవిడ కొత్త పథకాలు ఆలోచించే విభాగానికి మారింది. తోటివాళ్లు యంత్రాన్ని చూసి బెదిరిన చోట, ఆవిడకి ఆ యంత్రమే దారి ఇచ్చింది.

అది మొదటి పరిచయం. రెండోసారి యంత్రం ఇంటికే వచ్చింది. వచ్చి ఏడిపించింది.

* * *

1990ల ఆరంభం. పదవీ విరమణ దగ్గరపడింది. ఇంట్లో వయసు మళ్లిన తల్లి. చూసుకోవాల్సింది మసాకోనే. ఉద్యోగం పోతే ఇక గడప దాటడమే కష్టం. పదిమందితో మాట్లాడందే తోచని మనిషి నాలుగు గోడల మధ్య ఎలా బతకాలి? కంప్యూటరుంటే ఇంట్లో కూర్చునే లోకంతో కబుర్లు చెప్పుకోవచ్చని ఎక్కడో చదివింది. వెళ్లి కొనుక్కొచ్చింది. ధర తక్కువేమీ కాదు. ఎలా వాడాలో చెప్పే మనిషి లేడు.

పెట్టె తెరిచింది. తీగలు బయటపడ్డాయి. ఏ తీగ ఎందులో గుచ్చాలి? ఇంటర్నెట్ ఇంకా ఇళ్లకి రాని రోజులు. ఫోను తీగకి మోడెం తగిలించాలి, నంబరు తిప్పాలి, అవతల పెద్ద కంప్యూటరు ఎత్తాలి, అప్పుడు గానీ లైను కలవదు. పుస్తకం తెరిస్తే అర్థంకాని మాటలు. ఒక మాట అర్థం కావాలంటే ఇంకో నాలుగు మాటలు తెలియాలి. పగలు తల్లికి వండిపెట్టి, మందులిచ్చి, పడుకోబెట్టి, తీరిక చిక్కిన ఏ గంటకో ఆ యంత్రం ముందు చతికిలబడి, తీగ పీకి తీగ గుచ్చి, సెట్టింగు మార్చి, మోడెం కీచుమనడం విని, అది ఆగిపోవడం చూసి, మళ్లీ మొదటి పేజీ తిప్పి, రేపు చూద్దాంలే అని లేచి, మర్నాడు అదే చోట కూర్చుని, అలా ఒక వారం కాదు, ఒక నెల కాదు, దగ్గర దగ్గర మూడు నెలలు ఆ పెట్టెతో ఒంటరిగా కుస్తీ పట్టింది.

ఒక రోజు మోడెం కీచుమంది. ఆగలేదు. లైను కలిసింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. పెద్దవాళ్లు కలిసి మాట్లాడుకునే వేదిక అది. మా-చాన్ అన్న ముద్దుపేరుతో చేరిన కొత్త మనిషికి స్వాగతం చెబుతోంది. మసాకో ముఖం చెమటా కన్నీళ్లతో తడిసిపోయింది.

ఆ పరిచయాల్లోంచి తర్వాత 1999లో మెలో క్లబ్ అనే పెద్దల సంఘం పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో మసాకో ఒకరు. తల్లి దాదాపు నూరేళ్లు బతికింది. అన్నేళ్లూ మసాకో ఇంటి పట్టునే ఉంది. లోకం మాత్రం చేజారిపోలేదు. తను నేర్చుకున్నది ఇరుగుపొరుగు ఆడవాళ్లకి నేర్పడం మొదలుపెట్టింది. అక్కడ ఇంకో చిక్కు ఎదురైంది.

ఎక్సెల్ తెరిస్తే వచ్చినవాళ్లకి ఆవలింతలే. అంకెలు, కూడికలు, పట్టికలు. ఈ వయసులో మాకెందుకివన్నీ అని వాళ్లు. మసాకో ఆ గళ్ల వైపు చూసింది. గళ్లలో రంగు నింపింది. అంచులకి గీతలు దిద్దింది. చూస్తుండగానే బట్టల మీద అద్దకం పనిలో కనిపించే డిజైను విచ్చుకుంది. ఆవలింతలు ఆగిపోయాయి. ఆ డిజైన్లు విసనకర్రల మీదికి, సంచుల మీదికి, చివరికి ఆవిడ వేసుకునే చొక్కాల మీదికి ఎక్కాయి. నేర్చుకునేవాళ్ల మీద పాఠం రుద్దకూడదు, వాళ్లకి ఇష్టమైన చోట నుంచి మొదలుపెట్టాలి. ఆ కిటుకు ఆవిడకి అక్కడ పట్టుబడింది.

ఇప్పుడు 81 ఏళ్ల వయసులో ఆవిడే విద్యార్థి. పాఠం పేరు స్విఫ్ట్.

* * *

స్విఫ్ట్ అనేది ఆపిల్ సంస్థ 2014లో బయటపెట్టిన ప్రోగ్రామింగ్ భాష. ఐఫోన్ యాప్‌లు అందులో రాస్తారు. మాటలన్నీ ఇంగ్లిషు. గురువు మియాగిలో. శిష్యురాలు ఫుజిసావాలో. మధ్యలో వందల కిలోమీటర్లు. తరగతి గది స్కైప్. సందేహం వస్తే మెసెంజర్‌లో రాయడం. అతను తెర అవతలి నుంచి చూస్తాడు. తప్పు ఎక్కడుందో చెబుతాడు. దిద్దాల్సింది మాత్రం ఆవిడే.

ఆట బొమ్మల గురించి. మనం దసరాకో సంక్రాంతికో పెట్టుకునే బొమ్మల కొలువు లాంటిదే హినమత్సురి కూడా. మెట్లు మెట్లుగా వేదిక, దాని మీద ఎర్ర గుడ్డ, ఆ పైన రాజాస్థానపు బొమ్మలు. పై మెట్టున చక్రవర్తి, చక్రవర్తిని. రెండో మెట్టున ముగ్గురు పరిచారికలు. మూడో మెట్టున అయిదుగురు వాద్యగాళ్లు. నాలుగో మెట్టున ఇద్దరు మంత్రులు. మొత్తం 12. ఎవరి చోటు వాళ్లదే. వేణువు పట్టినవాడి పక్కన ఏ డోలు రావాలి? వయసు మళ్లిన మంత్రి ఏ వైపు కూర్చోవాలి? జపాన్ కుర్రాళ్లు ఇక్కడే తడబడతారు. ఏటా ఆ బొమ్మల్ని పెట్టెలోంచి తీసి తుడిచి సర్దిన అమ్మమ్మలకి మాత్రం కళ్లు మూసుకున్నా తెలుసు.

మసాకో పట్టుకున్నది ఆ ఒక్క సంగతే. వేగంలో కుర్రాళ్లని గెలవలేం. తెలిసినదానిలో గెలవొచ్చు.

కాబట్టి ఆటలో పరుగు లేదు. తరుముడు లేదు. గడియారం లేదు. బొమ్మని తాకాలి, అది కూర్చోవాల్సిన చోటుని తాకాలి. సరిగ్గా పెడితే డోలు చప్పుడు, పొన్! తప్పు పెడితే బుయ్ మని ఇంకో చప్పుడు. అంతే. వినడానికి తేలికే. కంప్యూటరుకి చెప్పాలంటే?

ప్రతి బొమ్మకీ ఒక గుర్తు ఇవ్వాలి. ప్రతి చోటుకీ ఒక గుర్తు ఇవ్వాలి. రెండూ కలిస్తే ఏం చెయ్యాలో రాయాలి. కలవకపోతే ఏం చెయ్యాలో అదీ రాయాలి. ఒక చోట బొమ్మ కూర్చున్నాక ఇంకో బొమ్మ అక్కడికి రాకుండా చూడాలి. పన్నెండూ కుదిరాక ఆట ముగిసిందని దానికి తెలియాలి. మనిషికి ఒక్క ముక్కలో చెప్పే సంగతి యంత్రానికి వంద ముక్కలుగా విరిచి చెప్పాలి. ఒక ముక్క జారితే మిగతా అంతా కూలుతుంది. కూలింది. మళ్లీ కట్టింది. మళ్లీ కూలింది.

ఈలోగా ఇంకో పట్టుదల. తెర మీద వేలితో బొమ్మని లాగే పద్ధతి వద్దంది. యాప్‌లు చేసేవాళ్లకి అది మామూలు పద్ధతి. పెద్దవాళ్లకి కాదు. వయసు పెరిగేకొద్దీ వేళ్ల చివర్లు పొడిబారిపోతాయి. ఆ వేలితో లాగితే తెర కొన్నిసార్లు పలకదు. బొమ్మ సగం దూరం వచ్చి జారిపోతుంది. ఆడేవాళ్లు తప్పు తమదేననుకుని ఫోను కింద పెట్టేస్తారు. అందుకే తాకడం ఒక్కటే చాలు. చూపు మందగించినవాళ్లకి అక్షరాలు పెద్దగా ఉండాలి. చెవులు సరిగా వినపడనివాళ్లకి మాట అక్షరాల్లో కూడా కనపడాలి. ఈ సంగతులు ఏ పాతికేళ్ల ఇంజనీరుకి తడతాయి? ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వేళ్లు ఆవిడవే. ఆ కళ్లు ఆవిడవే.

ఆరు నెలల పాటు పాఠాలు, తప్పులు, దిద్దుబాట్లు. శరత్కాలం వెళ్లిపోయింది. కొత్త సంవత్సరం వచ్చింది. ఫిబ్రవరి వచ్చింది. ఆట ఒక రూపానికొచ్చింది. పేరు హినదాన్, అంటే హిన బొమ్మల మెట్లు. ఇక మిగిలింది ఒక్క గుమ్మం. అన్నిటికన్నా ఎత్తయిన గుమ్మం.

* * *

ఐఫోన్ యాప్ తయారైతే సరిపోదు. ఆపిల్ దుకాణంలోకి ఎక్కాలి. డెవలపర్‌గా పేరు నమోదు చేసుకోవాలి. రుసుము కట్టాలి. యాప్ తమదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం పెట్టాలి. అప్పుడు ఆపిల్ మనుషులు యాప్‌ని పరీక్షిస్తారు. నచ్చకపోతే తిప్పి పంపుతారు. తిప్పి పంపితే దిద్ది మళ్లీ పంపాలి. మళ్లీ ఎదురుచూడాలి. పండగ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఎర్ర గుర్తులు ఒక్కొక్కటే తొలగిపోయాయి. యాప్ వెళ్లింది. ఫుజిసావాలో ఎదురుచూపు మొదలైంది. దుకాణాల అద్దాల వెనక హిన బొమ్మలు అప్పటికే కొలువుతీరి ఉంటాయి. వసంతం వాకిట్లో ఉంది. జవాబు?

ఫిబ్రవరి చివర్లో హినదాన్ ఆపిల్ దుకాణంలోకి ఎక్కింది. పండగకి ముందే!

ఇక్కడితో కథ అయిపోయినట్టే. ఒక పెద్దావిడ, ఒక చిన్న ఆట, ఒక పండగ. జపాన్ పత్రికలు రాశాయి. జనం ముచ్చటపడ్డారు. ఆవిడ తన పనిలో పడింది. అప్పుడు ఒక మెయిల్ వచ్చింది. ఇంగ్లిషులో. పంపింది సీఎన్ఎన్.

ప్రశ్నల మీద ప్రశ్నలు. జవాబులు కావాలి, త్వరగా కావాలి. ఆవిడ ఇంగ్లిషు అంత ధారాళమైనది కాదు. ఎవరినైనా పిలిచి రాసిపెట్టమనొచ్చు. పిలవలేదు. గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరిచింది. ప్రశ్నల్ని అందులో వేసి జపనీసులో చదువుకుంది. జపనీసులో జవాబులు రాసింది. వాటిని అందులోనే ఇంగ్లిషు చేసి పంపేసింది. కథనం వెలువడింది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పాకింది. 81 ఏళ్లకి మొదటి యాప్ రాసిన మనిషి గురించి ప్రపంచం చదివింది. చదివినవాళ్లలో ఆపిల్ కూడా ఉంది.

కాలిఫోర్నియా రమ్మని పిలుపొచ్చింది.

* * *

2017 జూన్. శాన్ హోసే నగరం. జపాన్‌లో వానలు మొదలయ్యే కాలం. ఇక్కడ ఎండ. ఆపిల్ ఏటా జరిపే డెవలపర్ల సమావేశానికి ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది దిగారు. జీన్సు ప్యాంట్లు, వీపున సంచులు, మెడలో గుర్తింపు కార్డులు. ఎక్కువమంది కుర్రాళ్లు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పిల్లవాడికైతే పదేళ్లు. అందరిలోకీ చిన్నవాడు వాడే. ఆ గుంపులో నెరిసిన జుట్టుతో మసాకో. ఏప్రిల్‌లో 82 నిండాయి. అందరిలోకీ పెద్ద ఆవిడే.

సమావేశానికి ముందు రోజు ఆవిడని ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. టిమ్ కుక్. ఆపిల్ సంస్థ అధిపతి. ఏం అడుగుతాడు?

మర్యాదకి రెండు మాటలు మాట్లాడి పంపేయలేదు. పెద్దవాళ్ల కోసం యాప్‌లో ప్రత్యేకంగా ఏమేం చేశారని అడిగాడు. పని తెలిసినవాడు పని తెలిసిన మనిషిని అడిగే ప్రశ్న అది. మసాకో చెప్పింది. వయసు మీద పడితే చెవులు తగ్గుతాయని చెప్పింది. కళ్లు తగ్గుతాయని చెప్పింది. వేళ్లు మాట వినవని, అందుకే లాగడం తీసేసి తాకడం పెట్టానని చెప్పింది. కుక్ విన్నాడు. ఆవిడని కౌగిలించుకున్నాడు. తమకి స్ఫూర్తి మీరేనన్నాడు.

మర్నాడు జూన్ 5. కిక్కిరిసిన హాలు. దీపాలు. చప్పట్లు. వేదిక మీద నుంచి కుక్ ఆ 82 ఏళ్ల డెవలపర్ గురించి ప్రస్తావించాడు. నోట్ల కట్టలు లెక్కపెట్టలేక వెనకబడిన అమ్మాయి సంగతి ఆ హాల్లో మోగింది.

ఆ ఏడే జపాన్ ప్రధానమంత్రి షింజో అబే, నూరేళ్లు బతికే సమాజం ఎలా ఉండాలో ఆలోచించడానికి ఒక మండలి వేశారు. అందులో మసాకోకి చోటిచ్చారు. 2018 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి పిలుపు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం. పెద్దవాళ్లకి డిజిటల్ నేర్పు ఎందుకు అవసరమో అక్కడ నిలబడి మాట్లాడింది. ఇంగ్లిషులోనే మాట్లాడింది. వయసు పెరిగేకొద్దీ మనిషి ఒక్కొక్కటే పోగొట్టుకుంటూ వస్తాడని, కొత్తది ఏదైనా నేర్చుకున్నప్పుడు మాత్రం లెక్కలో ఒకటి కలుస్తుందని విలేకరులతో ఆవిడ అంటూ ఉంటుంది.

* * *

హినదాన్ వచ్చిన ఆ ఫిబ్రవరిలోనే, 2017 ఫిబ్రవరి 8న, మన దేశంలోనూ ఒక నిర్ణయం జరిగింది. పల్లెల్లో 6 కోట్ల ఇళ్లకి డిజిటల్ అక్షరాలు నేర్పే పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పేరు ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్. ఇంటికి ఒకరు చొప్పున నేర్చుకునే వీలుండేది. కంప్యూటరు, ఫోను, మెయిలు, డబ్బు పంపడం, అన్నీ నేర్పేవారు. 2024 మార్చిలో ముగిసేనాటికి 6.39 కోట్లమంది శిక్షణ పొందారు. మంచి పథకం. నిబంధనల్లో ఒక వాక్యం మాత్రం గుండెకి తగులుతుంది. అర్హత 14 నుంచి 60 ఏళ్ల వరకే.

61 ఏళ్ల మనిషి ఎక్కడికి వెళ్లాలి? బ్యాంకు ఫోనులోకి వచ్చింది. కరెంటు బిల్లు ఫోనులోకి వచ్చింది. రైలు టికెట్టు ఫోనులోకి వచ్చింది. పింఛనుదారు ఏటా బతికున్నానని చూపించే జీవన్ ప్రమాణ్ పత్రం కూడా, ముఖం ఫోటో తీసుకుంటే చాలు, ఇంట్లో కూర్చుని ఇచ్చే వీలొచ్చింది. ఆగిపోయిన చదువు మళ్లీ పట్టుకుందామన్నా అంతే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు అందులో చేరాలన్నా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఈ గుమ్మాలన్నీ అరవై దాటినవాళ్లకీ తగులుతాయి. నేర్పేవాళ్లు మాత్రం అరవై దగ్గర ఆగిపోయారు.

మిగిలింది ఇల్లు. ఇంట్లో జరిగేదేమిటి? నాన్న ఫోను పట్టుకొచ్చి ఏదో అడుగుతాడు. కొడుకు చేతిలోంచి అందుకుని, టకటకా నొక్కి, అయిపోయిందని తిరిగి ఇచ్చేస్తాడు. అత్తయ్య అడిగితే కోడలు చేసి పెడుతుంది. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ ప్రేమ వల్ల నాన్నకి ఏమీ రాదు. రేపు మళ్లీ అడగాలి. అడిగినప్పుడల్లా విసుగు కనిపిస్తుంది. కొన్నాళ్లకి అడగడం మానేస్తాడు. పిన్ నంబరు కాగితం మీద రాసి ఎవరికో ఇస్తాడు. మోసగాళ్లు కాచుకుని కూర్చునేది సరిగ్గా అక్కడే. ఓటీపీ ఎందుకొచ్చిందో తెలియని మనిషి అడిగినవాడికల్లా చెప్పేస్తాడు. తన చేత్తో నాలుగుసార్లు డబ్బు పంపిన మనిషి మాత్రం చెప్పబోయి ఆగుతాడు.

మియాగి స్నేహితుడు ఆ రోజు మొహమాటానికి సరేనని ఉంటే, హినదాన్ బహుశా కొద్ది రోజుల్లోనే తయారయ్యేది. చక్కగా కూడా ఉండేది. మసాకోకి మాత్రం ఏమీ వచ్చేది కాదు. పొడిబారిన వేళ్ల సంగతి ఆ ఆటలోకి ఎక్కేదీ కాదు. అతను చేసిన అతి పెద్ద సాయం, చేసి పెట్టకపోవడం. ఆ వెంటనే నేర్పుతానని మాటిచ్చి నిలబడడం. మొదటిది ఒక్కటే చేస్తే అది తప్పించుకోవడం. రెండూ కలిస్తేనే అది గురువు చేసే పని.

కాబట్టి, చదువుతున్న పిల్లలకో మాట. ఇంట్లో పెద్దవాళ్లు ఫోను పట్టుకుని వస్తే లాక్కోకండి. పక్కన కూర్చోండి. అక్షరాలు పెద్దవి చేసివ్వండి. వేలు వాళ్లనే పెట్టనివ్వండి. తప్పు నొక్కితే నొక్కనివ్వండి. పది రూపాయలు మీకే పంపించి చూడమనండి. అయిదోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే చెప్పండి. మీకు అ ఆలు దిద్దించినప్పుడు వాళ్లు ఎన్నిసార్లు చెప్పారో లెక్క చూసుకోలేదు.

పెద్దవాళ్లకీ ఒక మాట. ఎవరైనా చేసి పెడతామంటే వద్దనండి. నేర్పమనండి. ఈ వయసులో ఎందుకన్న ప్రశ్న ఎవరడిగినా పట్టించుకోకండి. మసాకో వకామియా తన మొదటి యాప్ రాసింది 81 ఏళ్ల వయసులో. కాలేజీ చదువు లేకుండా, దూరాన ఉన్న గురువు దగ్గర, రాని భాషలో.